టిల్లింగ్ దొర చరిత్రలో లేని మనిషి

పోయిన నెల ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. భుజానికి సంచీ, చేతిలో పాత వారపత్రిక పేజీల జిరాక్సు కట్ట. పై పేజీలో మా పెద్దత్తయ్య పేరు కనబడగానే నాకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాలేదు. లేచి మంచినీళ్ళు తెచ్చాను. ఫ్యాను పెంచాను, మళ్ళీ తగ్గించాను. కిటికీ తీసి, దుమ్ము వస్తోందని మూసేశాను. నేను కుదురుకునేదాకా ఆ అమ్మాయి ఓపిగ్గా ఆగి, "మేడమ్, మీ మేనత్తగారు రాసిన టిల్లింగ్ దొర జీవితచరిత్రలో ఈరమ్మ అని ఒకావిడ వస్తుంది కదా, దొర కోసం బండల్లో బల్లులు పట్టిన షేక్‌పేట ఆవిడ. ఆవిడ వంశంవాళ్ళు ఎవరైనా మీకు తెలుసా?" అని అడిగింది.

"ఈరమ్మ లేదమ్మా" అన్నాను.

"ఇప్పుడు ఉండదని తెలుసు మేడమ్. ఆవిడ మునిమనవలో, వాళ్ళ పిల్లలో..."

"అప్పుడూ లేదు. ఆవిణ్ణి పుట్టించింది నేను. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు."

ఆ పిల్ల ముఖం చూస్తే జాలేసింది. "నా మూడో అధ్యాయం మొత్తం ఆవిడ మీదే ఉంది మేడమ్" అంది. కాసేపు కాగితాలు అటూ ఇటూ తిరగేసి, "మీరు లేదంటున్నారు. ఇక్కడ అచ్చులో ఉంది. మీ మాటకి ఆధారం ఏదైనా చూపించగలరా?" అని అడిగింది. తప్పు పట్టలేం, పరిశోధన చేసేవాళ్ళు అలాగే అడగాలి. ఆధారం ఒకటి నా బీరువాలో ఉంది. తీసి చూపించడానికి చెయ్యి రాలేదు. నోటితో చెప్పగలిగినంత చెప్పాను. సగం విని, సగం నమ్మి వెళ్ళిపోయింది. చెప్పలేకపోయిన సగం ఇక్కడ రాస్తున్నాను.

సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు వదిలి హైదరాబాదు చేరుతున్న రోజులవి. నాన్న ఎడిటర్. పని ఎటు పోతే మేమూ అటు. అలా ఫిల్మ్‌నగర్‌లో ఒక ఇంట్లో సగం వాటాలో దిగాం. ఇంటి చుట్టూ బండలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు. వాటి మధ్య సగం కట్టిన ఇళ్ళు. రోజుకి రెండుసార్లు ఎక్కడో ఈల వేసి ఎర్రగుడ్డ ఊపేవాళ్ళు. కాసేపటికి ఢామ్మని పేలుడు. వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. అమ్మ పొయ్యి మీది పాలగిన్నె పట్టుకుని నిలబడేది. మద్రాసు కాఫీపొడి అయిపోతుందేమోనని ఆవిడ బెంగ. ఆ ఇల్లు తలుచుకుంటే నాకు ముందుగా వచ్చేవి వాసనలే. పేల్చిన రాతిపొడి వాసన, రెండు రోజులకోసారి వచ్చే ట్యాంకరు నీళ్ళ వాసన, నాన్న చొక్కాలకి ఎంత ఉతికినా పోని, ఫిలిం ముక్కలు అతికించే సిమెంటు వాసన.

నేను బీఎస్సీ రెండో ఏడు తప్పి ఇంట్లో కూర్చున్నాను. నిజానికి కూర్చున్నదెక్కడ? యూసుఫ్‌గూడ దాకా నడిచేదాన్ని, దొరికిన బస్సెక్కేదాన్ని, ఎక్కడో దిగి మళ్ళీ ఇంకో బస్సులో వెనక్కి వచ్చేదాన్ని. పుస్తకం పట్టుకుంటే నాలుగు పేజీలకి మించి సాగేది కాదు. కథలు రాయాలని ఉండేది. మొదలుపెట్టిన కథ మర్నాటికి నచ్చేది కాదు. "దీని కాళ్ళకి చక్రాలు కట్టారు ఎవరో" అనేది అమ్మ. ఆ చక్రాలకి అడ్డుకట్ట వెయ్యడానికే నాన్న నన్ను పెద్దత్తయ్యకి అప్పజెప్పారనుకుంటాను.

పెద్దత్తయ్య, అంటే నాన్నకి అక్క, సుభద్రమ్మగారు. కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరై, మేం ఇక్కడికి వచ్చిన ఏడాదికి మా ఇంటికి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. ఒక ట్రంకు పెట్టె, ఒక గొడుగు, ఒక భూతద్దం తెచ్చుకుంది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, నిలబడే కాఫీ తాగి, నేత చీర కింద కాన్వాసు బూట్లు తొడుక్కుని బండల మీదకి బయలుదేరేది. మెడలో దర్జీవాడి టేపు వేలాడుతూ ఉండేది. బల్లులు కొలవడానికి. మా ఇంటి గోడబల్లులకి నంబర్లు పెట్టింది. పక్కవాటా ఆవిడ ఒకరోజు పరుగున వచ్చి, "పిన్నిగారూ, కుడి భుజం మీద బల్లి పడిందండీ, మంచిదేనా?" అంటే, "పాపం దానికేమన్నా దెబ్బ తగిలిందా?" అని అడిగింది. అయితే కళ్ళల్లో శుక్లాలు. అప్పట్లో పొర ముదిరితేగానీ ఆపరేషన్ చేసేవాళ్ళు కాదు. ముదిరేదాకా ఆగమన్నారు. ఆ ఆగడంలోనే ఆవిడకి నా కళ్ళూ నా చేతిరాతా కావాల్సి వచ్చాయి.

ఆవిడ రాయదలుచుకున్నది ఆంబ్రోస్ టిల్లింగ్ అనే ఇంగ్లీషు దొర జీవితచరిత్ర. విక్టోరియా రాణి కాలంలో సికిందరాబాదు కంటోన్మెంట్‌లో పల్టన్ డాక్టరు. దక్కనులో పాకే ప్రాణుల మీద ఆయన రాసిన లావుపాటి పుస్తకం, అట్ట ఊడిపోయినది, అబిడ్స్‌లో ఆదివారం పూట పరిచే పాత పుస్తకాల్లో పెద్దత్తయ్యకి దొరికింది. అది చదివి లండన్ మ్యూజియానికి ఉత్తరం రాస్తే, వాళ్ళు ఆయన ఉత్తరాల నకళ్ళు తపాలాలో పంపారు. అప్పటినించీ దొర మా ఇంట్లో మనిషైపోయాడు. అన్నాల దగ్గర ఆయన కబుర్లే. చెప్పులు కుట్టేవాడి కొడుకు. పద్నాలుగేళ్ళకి మందులకొట్టులో పొట్లాలు కట్టడానికి చేరి, రాత్రి చదువులు చదివి డాక్టరై, ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. తెల్లవారుజామున గోలకొండ పక్క గుట్టలెక్కి బల్లుల్నీ తేళ్ళనీ కప్పల్నీ పట్టి, సారాలో ఊరబెట్టి, ఆసుపత్రి గంట కొట్టేవేళకి తిరిగొచ్చి సిపాయిల నాలుకలు చూసేవాడు. మొదటిసారి లండన్‌కి పంపిన జాడీల్లో సగం, ఓడవాళ్ళు దారిలో సారా తాగేసి ఎండబెట్టారు. రెండోసారి పంపినవి క్షేమంగా చేరాయి. అయితే అక్కడున్న పెద్ద ప్రొఫెసరొకాయన వాటిని తానే కనిపెట్టినట్టు రాసుకున్నాడు. దొర భార్య బొమ్మలు వేసేది. పుస్తకంలో బల్లుల బొమ్మలన్నీ ఆవిడవే. ఇద్దరు పిల్లల్ని ఇక్కడే జ్వరాలకి పోగొట్టుకుని ఆవిడ ఓడెక్కి వెళ్ళిపోయింది. ఈయన మాత్రం ఉండిపోయాడు.

"ఎందుకు ఉండిపోయాడత్తయ్యా?" అని అడిగాను ఒకసారి.

"ఆ మాట ఉత్తరాల్లో లేదు" అంది.

"బాధపడి ఉంటాడు కదా. అది రాద్దాం."

"పడే ఉంటాడు. కానీ రాసుకోలేదు. ఆ నెల ఉత్తరంలో కప్పల గురించే ఉంది. మనమూ కప్పల గురించే రాద్దాం."

ఆవిడ చెప్పడం, నేను రాయడం. నాన్న తెచ్చిన షూటింగు కాల్‌షీట్ల వెనకవైపు తెల్లగా ఉండేది, దాని మీద రాసేవాళ్ళం. రాసిన కాగితాలు ఖాళీ ఫిలిం డబ్బాల్లో పెట్టేవాళ్ళం. పెద్దత్తయ్య తొందరకి కారణం ఒక బల్లి. టిల్లింగ్ తన పుస్తకంలో ఒక రాతిబల్లిని వర్ణించాడు. తోక మొదట్లో పసుపు చార. దొరికిన చోటు, గోలకొండకి ఉత్తరంగా ఉన్న బండలు. "అంటే ఇవేనే పద్మా, ఇవే. మనం నిలబడ్డ చోటే" అనేది. రోజుకి రెండుసార్లు పేలుడు వినబడుతుండగా ఆ బల్లిని వెతకడం, చివరి పెట్టె కదిలిపోతున్న రైలు వెనక పరిగెత్తడంలా ఉండేది నాకు.

బండల మీద మాకు దారి చూపించేది యాదమ్మ. షేక్‌పేట పాత ఊళ్ళో ఉండేది, మేకలు కాసుకునేది. మొదటి రోజే పెద్దత్తయ్య గొడుగుతో ఒక చీలిక కెలుకుతుంటే వచ్చి ఆపింది.

"ఓ పంతులమ్మా, జర ఆగు. గండ్ల చెయ్యి పెడ్తవా ఏంది? గాడ పాముంటది."

"పాము కాదమ్మా, బల్లి కావాలి నాకు."

"బల్లా! ఏం జేస్తవ్, కూరొండుకుంటవా?"

"చూసి వదిలేస్తాను."

యాదమ్మ కాసేపు ఆవిణ్ణీ బూట్లనీ మెడలో టేపునీ చూసి, "జూసి ఇడ్శిపెట్టెటందుకు ఇంత ఎండల వచ్చినవా" అని నవ్వింది. ఆ మర్నాటినించీ మేకల్ని మేం ఉన్నవైపే తోలుకొచ్చేది. ఏ బండ కింద నీడ ఎంతసేపుంటుందో, ఏ చీలికలో ఏం కదులుతుందో ఆవిడకి తెలుసు. కాలికి లావుపాటి వెండి కడియం, అది రాతికి తగిలి ణంగుమనేది. పెద్దత్తయ్య ఒకసారి, మీ పెద్దవాళ్ళెవరైనా ఇంగ్లీషు దొరకి బల్లులు పట్టిచ్చారని విన్నావా అని అడిగింది. "నాకెట్ల ఎర్కైతదమ్మా? మా తాత పేరే నాకు సక్కగ యాదికి లేదు" అంది యాదమ్మ.

మొదటి నాలుగు అధ్యాయాలు ఒక వారపత్రిక వేసుకోవడానికి ఒప్పుకుంది. రెండు వారాలు వచ్చాయి. ఒక్క ఉత్తరం రాలేదు. ప్రతులు పంపేది నేనే కాబట్టి సంపాదకుడు నాకు చీటీ రాశాడు, విషయం బాగుంది గానీ పొడిగా ఉందమ్మా, చదివేవాళ్ళని పట్టుకునేది ఏదైనా ఉంటే చూడండి, లేకపోతే ఆపుదాం అని. ఆ చీటీ నేను పెద్దత్తయ్యకి చదివి వినిపించలేదు. ఆ సాయంత్రమంతా గేటు దగ్గరినించి వీధి మలుపు దాకా తిరిగాను. ఆగిపోతే ఏమవుతుంది? దొర ఆగిపోతాడు, పెద్దత్తయ్య దిగులు పడుతుంది. అవి పైకి చెప్పుకున్న కారణాలు. లోపల ఉన్నది వేరు. అచ్చులో నా చేతిరాతలోంచి వచ్చిన వాక్యాలు చూసుకోవడం నాకు అలవాటైపోయింది. అవి నావి కాకపోవడం మంటగా ఉండేది. మర్నాడు సాపు ప్రతి రాస్తూ, దొర గుట్టెక్కే చోట రెండు పేరాలు చేర్చాను. షేక్‌పేట ఈరమ్మ. కాలికి వెండి కడియం. దొరని చూసి, "ఏం జేస్తవ్ దొరా, కూరొండుకుంటవా?" అని అడిగింది. నా జీవితంలో అంత తేలిగ్గా నేనెప్పుడూ రాయలేదు.

ఆ వారం పదకొండు ఉత్తరాలొచ్చాయి. ఈరమ్మ గురించి ఇంకా రాయమన్నారు. రాశాను. వారం వారం పెరిగింది. దొర భార్య వెళ్ళిపోయినప్పుడు ఈరమ్మ గడప దగ్గర కూర్చుని ఏడ్చింది. పాము నోటినించి దొరని తప్పించింది. పెద్దత్తయ్యకి అచ్చులో చిన్న అక్షరాలు కనబడవు, పత్రిక రాగానే నేనే చదివి వినిపించాలి. గొంతు తడబడకుండా పేరాలు దాటడం నేర్చుకున్నాను. కళ్ళు ముందుకు పరిగెత్తి ఈరమ్మ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ అయిపోతుందో చూసుకునేవి. నోరు టిల్లింగ్‌తోనే ఉండేది. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ, "ఈ వారం పొట్టిగా ఉందేమిటే?" అనేది. "ప్రకటనలు ఎక్కువయ్యాయత్తయ్యా" అనేదాన్ని.

ఇంతలో జూబ్లీహిల్స్‌లో ఉండే ఒక నిర్మాత కబురు పెట్టాడు. పేరు శేషగిరిరావుగారనుకుందాం. నాన్నకి తెలిసినాయనే. టీవీకి పదమూడు వారాల సీరియల్ తీద్దామని ఆయన ఆలోచన. పెద్ద ఇల్లు, చలవరాయి నేల, గోడకి ఆనించి ఇంకా విప్పని సోఫాలు. "అమ్మాయ్, నీతో ఒకటి చెప్తాను. ఆ దొర సంగతి జనానికెందుకు? నాక్కావలసింది ఈరమ్మ. అదెవరిది, మీ అత్తగారిదా?" అని అడిగాడు. ఒక్క క్షణం కూడా ఆగకుండా "నాదండీ" అన్నాను. "అనుకున్నానులే. అయితే మాటలు నువ్వే రాయి" అన్నాడు. ఆ గుట్ట దిగి ఇంటికి వస్తూ, నడుస్తున్నానో పరిగెడుతున్నానో నాకు తెలియలేదు.

బయటపెట్టింది యాదమ్మే. వాళ్ళ మనవరాలు బడికి వెళుతుంది, ఎక్కడో పత్రిక దొరికి ఇంట్లో గట్టిగా చదివింది. ఒకరోజు పొద్దున్నే బండ దగ్గర యాదమ్మ మేకల్ని వదిలి మాకు ఎదురొచ్చింది. అంత సంతోషంగా ఆవిణ్ణి అంతకుముందు చూడలేదు.

"పంతులమ్మా, గా దొర కతల మా తాతమ్మను రాసిన్రట గద! కడియం గిట్ల అచ్చం నాదే లెక్క ఉందంట. మా వాడకట్టంత అదే ముచ్చట. నాకు ముందుగాల ఒక్క మాట చెప్పకపోతిరి!"

పెద్దత్తయ్య నవ్వింది, ఏదో పొరపాటు పడిందని. "మీ తాతమ్మ కాదు యాదమ్మా, అందులో అసలు..." అని ఆగి నావైపు తిరిగింది. ఆ మసక కళ్ళకి నా ముఖం ఎంత కనబడిందో తెలియదు. "పద్మా, ఈరోజు ఇంటికి పోదాం" అంది.

ఇంట్లో ఆ వారం సంచిక నా చేతికిచ్చి, "మొత్తం చదువు. ఏదీ దాటకుండా" అంది. చదివాను. అన్ని వారాలవీ చదివించింది. మధ్యాహ్నమైపోయింది, అమ్మ అన్నానికి రెండుసార్లు పిలిచి వెళ్ళింది. మధ్యలో నాన్న వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు. "అక్కా, చిన్నపిల్ల, ఒక సీను కలిపింది. అంతే కదా" అన్నారు.

"నీ సినిమాలో ఎన్నయినా కలుపుకో. నాకేం అభ్యంతరం లేదు" అంది ఆవిడ. నన్ను తిట్టలేదు. చాలాసేపటికి, "ఆ గుట్టల మీద ఆయనకి ఎవరో సాయం చేసే ఉంటారే. ఒక్కడే పట్టలేడు అన్ని జీవాల్ని. నేను ఆ ఉత్తరాలన్నీ వెతికాను, ఒక్క పేరైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు. అక్కడ ఖాళీ ఉందని రాద్దామనుకున్నాను. ఆ ఖాళీలో నువ్వు బొమ్మని నిలబెట్టావు. ఇంక ఎవరూ వెతకరు" అంది. కాగితం తెమ్మని, తనే చెప్పి, నాచేతనే రాయించింది. పత్రికలో వచ్చిన ఈరమ్మ అనే పాత్ర కల్పితమని, పాఠకులు మన్నించాలని నాలుగు వాక్యాలు. అడుగున తన సంతకం తడుముకుంటూ పెట్టింది. "రేపు పోస్టు చెయ్యి" అంది.

చెయ్యలేదు. పోస్టుపెట్టె దాకా రోజూ వెళ్ళేదాన్ని. కవరు చేతిలో నలిగిపోయేది. నిర్మాత దగ్గర మూడు వారాల మాటలు రాసిచ్చి ఉన్నాను. ఇంకో పది రోజుల్లో ఒప్పందం మీద సంతకాలన్నారు. సంతకాలయ్యాక పోస్టు చేద్దాం, అప్పుడు ఏమైతే అదవుతుంది అనుకున్నాను. "పోస్టు చేశావా?" అని పెద్దత్తయ్య అడిగితే, "చేశానత్తయ్యా" అన్నాను. సరిగ్గా అప్పుడే గోడమీద బల్లి టిక్కుమంది. అమ్మ వంటింట్లోంచి నేలమీద వేలితో తట్టి, అలవాటు ప్రకారం "సత్యం, సత్యం" అంది. 

ఆవిడ ఎదురుచూడటం మొదలుపెట్టింది. పత్రిక రాగానే, "వచ్చిందా?" అనేది. "ఈ వారం చోటు లేదేమో." మళ్ళీ వారం, "వచ్చిందా?" ఆ నాలుగు వారాలూ నాకు కొత్త అధ్యాయం చెప్పలేదు. బండల మీదకి వెళ్ళలేదు. నిర్మాత సంతకాలు వారం వారం వెనక్కి జరుగుతూ వచ్చాయి. నేను ఇంట్లో ఉండలేకపోయేదాన్ని. బయటికి వెళితే బయట ఉండలేకపోయేదాన్ని. టోలిచౌకి బజారులో అవసరం లేని గాజులు బేరమాడి, కొనకుండా వచ్చేశాను ఒకరోజు.

అయిదో వారం ఒకరోజు పొద్దున్న పెద్దత్తయ్య ఇంట్లో కనబడలేదు. గొడుగు లేదు, బూట్లు లేవు. బండల దగ్గర లేదు. యాదమ్మ చూడలేదంది. మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చింది, చీర అంచంతా దుమ్ము, మోచెయ్యి గీరుకుపోయింది. బస్సు నంబరు కనబడక పక్కవాళ్ళని అడుగుతూ, రెండు బస్సులు మారి పత్రిక ఆఫీసుకి వెళ్ళిందట. దిగేటప్పుడు మెట్టు కనబడక పడిందట. అమ్మ మజ్జిగ ఇస్తే ఒక్క గుక్కలో తాగేసింది. నేను ఎదురుగా నిలబడ్డాను, ఎప్పుడు అడుగుతుందా అని. అక్కడివాళ్ళు ఏ ఉత్తరమూ రాలేదని చెప్పి ఉంటారని నాకు తెలుసు. ఆవిడకి తెలుసని నాకు తెలుసు. ఏమీ అడగలేదు. "రేపటినించి నేనే రాసుకుంటాను" అంది, అంతే.

రాసుకుంది కూడా. ఒక్కో అక్షరం తమలపాకంత. పేజీకి నాలుగు లైన్లు. ఒక లైను మీద ఇంకో లైను ఎక్కేసేది.

ఆ తర్వాతి వారం సవరణ పడింది, ఆవిడ ఆ రోజు ఆఫీసులో కూర్చుని చెప్పి రాయించినది. వంటల పేజీ అడుగున, చిన్న గడిలో. ఈరమ్మ పాత్ర చారిత్రకం కాదని, ఆధారాలు చూసుకోకుండా తానే తొందరపడి కల్పించానని, ఈ పొరపాటు పూర్తిగా తనదేనని, జీవితకాలం పాఠం చెప్పినదాన్ని అయ్యుండీ ఇలా చేసినందుకు సిగ్గుపడుతున్నానని. కింద ఆవిడ పేరు, చేసిన ఉద్యోగం. నా పేరు ఎక్కడా లేదు. నాలుగు గోడల మధ్య నా చెంప పగలగొట్టినా అంత తగిలేది కాదు. కాకినాడ నించి ఆవిడ దగ్గర చదువుకున్న ఇద్దరు ముగ్గురు ఉత్తరాలు రాశారు, మీరేమిటి మేడమ్ ఇలా అని. అవి కూడా నేనే చదివి వినిపించాను. విని, "బాగా అడిగారు" అంది. ఆ సవరణ కత్తిరించి దాచుకున్నాను. మొన్న ఆ పరిశోధక విద్యార్థినికి చూపించలేకపోయిన ఆధారం అదే. ఈరమ్మ లేదన్నంత వరకు అందులో నిజం. పొరపాటు తనదేనన్న మాట మాత్రం నిజం కాదు.

నిర్మాత దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళలేదు. ఆయనా పిలవలేదు. యాదమ్మ వచ్చింది ఇంటికి, మొదటిసారి. గడపలోకి రాకుండా మెట్టు మీదే నిలబడింది.

"లేదని రాసిన్రట. మా వాడకట్టోళ్ళు నవ్వుతున్రు పంతులమ్మా. ఉన్నదని మిమ్ముల రాయమని నేనడిగిన్నా? లేదని రాయమని అడిగిన్నా?"

పెద్దత్తయ్య లేచి వెళ్ళి మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చుంది. "ఉండే ఉంటుంది యాదమ్మా, మీ తాతమ్మో, ఇంకొకరి తాతమ్మో. ఆ పేరు మాకు తెలియదు. తెలియనిదాన్ని తెలుసని రాశాం. నీకు తలవంపులు తెచ్చాం" అంది. తప్పు ఎవరిదో అప్పుడూ చెప్పలేదు. నేను గుమ్మంలోంచి, "నేను రాశాను యాదమ్మా. అత్తయ్య కాదు" అన్నాను. ఆ మాట బయటికి రావడానికి అన్ని వారాలు పట్టింది. యాదమ్మ నావంక చాలాసేపు చూసి, "నా కడియం అడగకుంట దీస్కపోతివి బిడ్డా" అంది. పెద్దత్తయ్య చెయ్యి చాచి, మెట్టు మీద ఇంకో పక్కన తట్టింది, కూర్చోమని.

వానలు మొదలయ్యే ముందు మేం వెతికే పెద్ద బండ మీద తెల్లరంగుతో గుర్తులు పడ్డాయి. పేల్చడానికి. కబురు తెచ్చింది యాదమ్మే. మర్నాడు పొద్దున ముగ్గురం వెళ్ళాం. పెద్దత్తయ్య టార్చి నా చేతికిచ్చి, కింది చీలికలో చూడమంది. బోర్లా పడుకుని చూశాను. మట్టి, సాలెగూడు, లోపల చల్లటి గాలి. ఏదో కదిలింది. టార్చి తిప్పేసరికి తోక మాత్రం ఒక్క క్షణం మెరిసి లోపలికి పోయింది.

"ఉంది!" అన్నాను.

పెద్దత్తయ్య మోకాళ్ళ మీద కూలబడింది. "తోక మొదట్లో చూశావా? పసుపు చార ఉందా?"

యాదమ్మ నా చెవి దగ్గరికి వంగి, "ఉందని చెప్పు బిడ్డా. సంబురపడ్తది" అని గొణిగింది. ఉన్నట్టే అనిపించింది కూడా. టార్చి వెలుగు పసుపు, రాయి పసుపు. ఉందని చెబితే ఆవిడ ముఖం ఎలా వెలుగుతుందో నాకు ముందే కనబడింది. మోచేతుల కింద రాళ్ళు గుచ్చుకుంటున్నాయి.

"తెలియలేదత్తయ్యా. తోక కనిపించింది. రంగు తెలియలేదు."

 దూరంగా ఎక్కడో ఈల వినబడింది. "రాయి" అంది. నెలల తర్వాత నాతో అన్న మాట అది. జేబురుమాలులో మడిచిపెట్టుకున్న కాల్‌షీటు తీసి, బండకే ఆనించి రాశాను. తోక కనిపించింది. రంగు తెలియలేదు. చూసినది పద్మ. ఆ చివరి మాట కూడా ఆవిడే చెప్పి రాయించింది.

బండ ఆ వారమే పోయింది. పెద్దత్తయ్య కంటి ఆపరేషన్‌కి కాకినాడ వెళ్ళి అక్కడే ఉండిపోయింది. టిల్లింగ్ దొర చివరికి లండన్‌కి తిరిగివెళ్ళి, మ్యూజియం నేలమాళిగలో ఇతరులు పట్టిన జంతువులకి చీటీలు అంటించే ఉద్యోగం చేసి, రెండో సంపుటం రాస్తూ మధ్యలోనే కన్నుమూశాడు. ఆ అధ్యాయం ఒక్కటీ ఆవిడ తమలపాకు అక్షరాల్లో ఉంది. పుస్తకం పూర్తి కాకుండానే ఆవిడా పోయింది.

ఆ బండ ఉన్న చోట ఇప్పుడు అద్దాల మేడ ఉంది. అడుగున మూడంతస్తుల లోతున కార్లు ఆపుకుంటారు. నేను ఆ మేడలోకే మీటింగులకి వెళుతుంటాను. టీవీ సీరియళ్ళు రాసి ఇల్లు కట్టుకున్నదాన్ని. చనిపోయినవాళ్ళని బతికిస్తాను, లేని అక్కచెల్లెళ్ళని పుట్టిస్తాను, ఎవరూ ఏమీ అనరు, అది నా వృత్తి. అప్పుడు మా దగ్గర ఉన్నది ఒక భూతద్దం, ఒక టార్చి, వాడేసిన కాగితాల వెనకవైపు. అంత తక్కువతో ఒక మనిషి ఒక్క రంగు కోసం ఏళ్ళ తరబడి ఆగింది. ఇప్పుడు నా ఫోనులో ప్రపంచంలోని బల్లులన్నీ ఉన్నాయి. పసుపు చార ఉన్నది ఏదైనా ఉందేమోనని చూడొచ్చు. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. మీటింగులో కుర్ర రచయితలెవరైనా, "మేడమ్, ఈ సీను మీకు నిజంగా జరిగిందా?" అని అడుగుతుంటారు. నా నోటికి మొదట వచ్చే మాట ఇప్పటికీ "జరిగింది" అనే. నిజమైన రెండో మాట చెప్పడానికి కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా నాలుగడుగులు నడిచి రావాల్సి వస్తుంది.